ముందు త్రవ్వుట, తరువాత ఎరువు

వాక్యభాగములు: లూకా 13:6–9, యోనా 4:5–11



మన సంఘములు పలు రాష్ట్రములలో చెదరియున్నవి. షోలాపూరులో నల్లరేగడి, కోలారు వైపున ఎర్రనేల, యానాంలో గోదావరి ఒండ్రు. నేలలు వేరైనను మనము పెంచుకొను మొక్కలు మాత్రము అవే: మల్లె, మందార, కనకాంబరము, నందివర్ధనము, గోరింట. ఊరు విడిచి వచ్చినవారి పెరట్లో ఊరి పూలే పూయును. అందుచేత ఒక్క పొద వాడినను ఇంటిల్లిపాదికి మనసు చివుక్కుమనును.

ఆకు వాడగానే మనము ఏమి చేయుచున్నాము? రెండు చెంబులు ఎక్కువ నీరు పోయుచున్నాము. మరునాడు గుప్పెడు యూరియా చల్లుచున్నాము. పొరుగువారు దిష్టి తగిలినదందురు. వారమునకు మొక్క ఎండిపోవును.

ప్రియులారా, వాడిన ఆకు ఒక్క సంగతినే చెప్పును: తనకు నీరు అందుటలేదని. ఎందుకు అందుటలేదో అది చెప్పదు. నేలలో నీరు లేకపోయినను ఆకు వాడును. నీరు నిలిచి, గాలి ఆడక వేరు కుళ్ళినను ఆకు అట్లే వాడును. కుళ్ళిన వేరు నీటిలో ఉండియు దప్పిగొనును. దానికి ఇంకను నీరు పోయుట జాలివలె కనబడును గాని దాని ప్రాణము తీయును. కనుక ఒక వరుసలో పరీక్షించవలెను.

మొదటిది, వేళ. మధ్యాహ్నపు ఎండకు తలవాల్చి సాయంకాలమునకు తేరుకొను మొక్కకు అంత భయము లేదు. తెల్లవారి చల్లని వేళ కూడ వాడియున్న దానికి కష్టము వచ్చినదని తెలిసికొనండి.

రెండవది, మన్ను. వ్రేలు లోపలికి గ్రుచ్చి చూడండి. పైన ఎండి లోపల బురదగా ఉండవచ్చును. పైన తడిసి లోపల పొడిగా ఉండవచ్చును. నల్లరేగడి నీటిని పట్టియుంచును, ఎర్రనేల త్వరగా విడిచిపెట్టును. ఒక చోట మేలు చేసిన నీరు మరియొక చోట కీడు చేయును.

మూడవది, మొదలు. నేలను తాకు చోట బెరడు మెత్తబడి నల్లబడినదా? చెదలు మట్టిపూత పెట్టినవా? చిన్న కొమ్మను గోటితో గీరండి. లోపల పచ్చగా ఉన్నయెడల ప్రాణమున్నది. గోధుమరంగుగా, పొడిగా ఉన్నయెడల ఆ కొమ్మ చచ్చినది. ఇంకా క్రిందికి గీరి చూచిన తరువాతనే ఆశ వదలండి.

నాలుగవది, వేరు. మెల్లగా మన్ను తీసి చూడండి. మంచి పిల్లవేరు తెల్లగా, గట్టిగా ఉండును. కుళ్ళినది నల్లబడి వాసన కొట్టును. పట్టి లాగిన తొక్క ఊడివచ్చును. వేరుమీద బుడిపెలున్నచో నులిపురుగులని అనుమానించవలెను. మొక్క లాగగానే చేతికి వచ్చినయెడల తెల్లని వేరుపురుగు కొరికినదేమో మన్నులో వెదకండి.

అయిదవది, కాండము లోపలి భాగము. కోసి చూడగా లోపల గోధుమరంగు చార కనబడినచో బూజు జాతి ఎండుతెగులు కావచ్చును. వంగ, టమాటా మొక్కలు పచ్చగా ఉండగానే వాలిపోయినచో, కాండము ముక్కను గాజుగ్లాసు నీటిలో నిలిపి ఉంచండి. కొద్ది నిమిషములలో పాలవంటి తీగ దిగినయెడల అది బాక్టీరియా తెగులు. అట్టి మొక్కను వేరుతో సహా తీసి కాల్చవలెను. అదే గుంటలో మరల వంగ, టమాటా, మిరప నాటరాదు; తెగులు మన్నులోనే కాచుకొని యుండును.

కారణము తెలిసిన తరువాతనే మందు. నీరు నిలుచు చోట కాలువ తీయండి. కుళ్ళు ఆరంభములో ఉన్నచో లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదలు తడపండి. నులిపురుగులకు వేపపిండి మేలు. వేరు కోలుకొని చిగురు వచ్చువరకు యూరియా వంటివి వేయకండి. దెబ్బతిన్న వేరును అవి ఇంకను మాడ్చును.

ఇప్పుడు వాక్యమునకు వత్తము. లూకా సువార్తలోని అంజూరపు చెట్టు కాయలేదు. యజమానుడు మూడేండ్లు చూచి నరికివేయుమన్నాడు. తోటమాలి ఇంకొక్క ఏడు గడువడిగి, చుట్టు త్రవ్వి ఎరువు వేసెదనన్నాడు. ఆ వరుస గమనించండి. గొడ్డలికంటె ముందు ఎరువు, ఎరువుకంటె ముందు త్రవ్వుట. త్రవ్వువాడు మోకరించవలెను, చేతులకు మన్ను అంటవలెను. గట్టుమీద నిలిచి త్రవ్వలేము.

యోనా అట్లు చేయలేదు. సొరచెట్టు నీడనిచ్చినంతసేపు సంతోషించెను. పురుగు తొలిచి అది వాడగానే కోపించెను. చెట్టుకొరకు అతడు పాటుపడలేదు. తన నీడ పోయినదన్నదే అతని దుఃఖము.

మన సంఘములో పాటలు పాడు యౌవనుడు నాలుగు ఆదివారములు రాలేదనుకొనండి. పాటకు మనిషి లేడని మనము నొచ్చుకొందుము. కనబడగానే నాలుగు బుద్ధిమాటలు కుమ్మరింతుము. అది ఎరువు. అతని పని పోయినదేమో, అప్పులవాడు గుమ్మములో కూర్చున్నాడేమో, ఇంట్లో తల్లి మంచము పట్టినదేమో ఎవరు చూచిరి? పై ఆకు చూచి భక్తి తగ్గినదని తీర్పు తీర్చుట సులభము. వేరు కుళ్ళినవానికి మంచిమాట కూడ భారమే.

మరియొక సంగతి. ఒకే పనిలో పెట్టిన ముగ్గురు ఒకరి తరువాత ఒకరు వాడిపోయిన యెడల నాలుగవవానిని అదే గుంటలో నాటకండి. ఆ మన్నును పరీక్షించండి. సండేస్కూలు అంతయు ఒక్క సహోదరిమీదనే మోపి, ఆమె అలసిపోగానే ఆమె విశ్వాసమును ప్రశ్నించుట న్యాయమా?

పెద్దలారా, సభ్యుల పట్టీలో ఒక పేరు కొట్టివేయుటకు కలము తీయకముందు ఆ యింటికి వెళ్ళండి. ఒక సాయంకాలము కూర్చొనండి. తక్కువ మాటలాడి ఎక్కువ వినండి. ఆ తోటమాలి త్రవ్వెదనని యజమానునికి మాట యిచ్చెను. ఫలించునని మాట యివ్వలేదు. మనకు అప్పగింపబడినదియు ఆ మొదటి పనియే. ఒక్క ఏడు గడువడిగిన ఆ తోటమాలి మనస్సు ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.