మనిషి కన్ను పడని చోటికి రంగు దిద్దవచ్చా?



ఈ వారం వీడియోలో "సత్యం అంటే ఉన్నది ఉన్నట్టు చెప్పడం" అనే మాట దగ్గర ఆగాం. వినడానికి ఇంత సులువైన మాట ఇంకోటి ఉండదు. కానీ "ఉన్నట్టు అంటే ఎవరికి ఉన్నట్టు?" అని ఒక్క ప్రశ్న వేసి చూడండి, అక్కడి నుంచి చిక్కుముడి మొదలవుతుంది. ఆ చిక్కుముడిని నాకు బాగా తెలిసిన ఒక చిన్న పనిలోంచి చెప్పడానికి ప్రయత్నిస్తాను.

నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ని. అంగారకుడి మీద తిరిగే నాసా రోవర్లు పంపే ఫొటోలు, భూమికి చేరిన కొద్దిసేపటికే ఎవరైనా చూసేలా ఇంటర్నెట్‌లో పెడతారు. 2004 జనవరిలో స్పిరిట్, ఆపర్చునిటీ రోవర్లు దిగినప్పటి నుంచి ఇది నడుస్తోంది. ఆ ఫొటోలను దించుకుని, రంగులు సరిచేసి, ముక్కలు అతికించి ఒక పెద్ద దృశ్యంగా చేసేవాళ్ళు ప్రపంచమంతా ఉన్నారు. టీచర్లు, ప్రోగ్రామర్లు, రిటైరైన పెద్దవాళ్ళు, చదువుకునే పిల్లలు. జీతం లేదు, ఎవరూ అడగలేదు, ఇష్టం కొద్దీ చేస్తారు. శని, ఆదివారాల్లో నేనూ అదే పనిలో ఉంటాను.

ఈ పనిలో రోజూ ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. రంగు దిద్దిన ఫొటో నిజమా, అబద్ధమా?

"ముట్టుకోకుండా వదిలేస్తే నిజం, ముట్టుకుంటే అబద్ధం" అని చాలామంది టక్కున అనేస్తారు. ఆపర్చునిటీ కెమెరా ఎలా పనిచేసిందో చూస్తే ఆ మాట నిలబడదు. ఆ కెమెరాకు రంగే తెలీదు. నలుపు తెలుపులోనే తీస్తుంది. లెన్స్ ముందు ఒక చిన్న చక్రం, దానికి రకరకాల ఫిల్టర్లు. ఒకే రాయిని ఒక్కో ఫిల్టర్‌తో ఒక్కోసారి తీస్తుంది. ఆ నలుపు తెలుపు ఫొటోలను కంప్యూటర్లో ఒకదాని మీద ఒకటి పేర్చి, దీనికి ఎరుపు, దీనికి ఆకుపచ్చ, దీనికి నీలం అని కేటాయిస్తేనే రంగు పుడుతుంది. అంటే ఎవరూ ముట్టుకోని రంగు ఫొటో అనేదే అక్కడ లేదు. ఎవరో ఒకరు కూర్చుని నిర్ణయించాలి.

ఆ నిర్ణయం ఎంత తేడా తెస్తుందో రెండు ఉదాహరణలు చూద్దాం.

1976 జులై 20న వైకింగ్ 1 అంగారకుడి మీద దిగింది. మొదటి రంగు ఫొటో విడుదల చేస్తే ఆకాశం నీలంగా ఉంది. తర్వాత రంగుల లెక్క సరిచూసుకుంటే అది నీలం కాదు, ధూళి వల్ల గులాబీ, నారింజ కలిసిన రంగు అని తేలింది. ఆ సంగతి ప్రకటించగానే విలేకరులు సరదాగా "బూ" అని గోల చేశారని కార్ల్ సేగన్ రాశాడు. సరదాకే అయినా ఆ గోలలో ఒక కోరిక ఉంది. అంగారకుడు మన ఊరిలా ఉంటే బాగుండునని. మనం చూడాలనుకున్నదే చూడటం దగ్గరే అబద్ధం మొదలవుతుంది. మసక వెలుతుర్లో తాడుని పాము అనుకోవడానికి భయం కారణం. ఇక్కడ భయం స్థానంలో ఇష్టం ఉంది, అంతే తేడా.

రెండోది 2004లో. రోవర్ మీద రంగులు సరిచూసుకోవడానికి ఒక చిన్న సూర్యగడియారం బిగించారు, దాని మూలల్లో తెలిసిన రంగుల బిళ్ళలు. కొన్ని ఫొటోల్లో నీలం బిళ్ళ గులాబీ రంగులో కనపడింది. "నాసా రంగులు మార్చేస్తోంది, ఏదో దాస్తోంది" అని గోల మొదలైంది. అసలు కారణం వేరు. ఆ ఫొటోల్లో ఎరుపు స్థానంలో వాడింది మామూలు ఎరుపు ఫిల్టర్ కాదు. మన కంటికి కనపడే ఎరుపుకి కాస్త అవతల ఉండే ఇన్‌ఫ్రారెడ్ ఫిల్టర్. నీలం బిళ్ళలో వాడిన రంగుపొడి ఆ ఇన్‌ఫ్రారెడ్ వెలుగులో బాగా మెరుస్తుంది. అందుకే అలా కనపడింది. విడి ఫొటోలన్నీ అందరికీ అందుబాటులో ఉన్నాయి కాబట్టి, కావాలంటే ఎవరికి వాళ్ళే సరిచూసుకోవచ్చు. ఇక్కడ ఎవరూ మోసం చేయలేదు. కానీ ఏ ఫిల్టర్ వాడారో తెలీకుండా ఫొటో ఒక్కటే చూసినవాడికి అది మోసంలాగే కనపడింది.

ఈ రెండింటి నుంచి నాకు అర్థమైంది ఒకటే. నిజం ఫొటోలో మాత్రమే ఉండదు. ఫొటో, అది ఎలా చేశారో చెప్పే మాట, ఈ రెండూ కలిస్తేనే నిజం.

2013 మార్చిలో క్యూరియాసిటీ తీసిన మౌంట్ షార్ప్ దృశ్యం ఒకటి విడుదలైంది. అందులో రాళ్ళ రంగులు భూమి మీద పగటి వెలుగులో ఎలా ఉంటాయో అలా మార్చారు. ఎందుకంటే భూగర్భ శాస్త్రవేత్తల కళ్ళు ఇక్కడి వెలుగులో రాళ్ళను చూడటానికి అలవాటు పడ్డాయి. అలా చేస్తే ఆకాశం ఉండాల్సిన దానికంటే నీలంగా కనపడుతుంది. ఆ సంగతి వాళ్ళే ఫొటో కింద రాశారు. ఆ నీలం రాసి ఉంటే పనికొచ్చే సమాచారం, రాయకపోతే అబద్ధం. పిక్సెల్స్ మాత్రం అవే!

ఇక్కడ మీరొక మాట అడగొచ్చు. "బాబూ, నువ్వు కింద ఎంత రాసినా వాట్సాప్‌లో ఫార్వర్డ్ అయ్యేటప్పుడు ఫొటో ఒక్కటే వెళ్తుంది కదా? రాత ఊడిపోతుంది. అప్పుడు పాపం ఎవరిది?"

ఇది న్యాయమైన ప్రశ్న. "నేను రాశాను, వాళ్ళు కత్తిరించారు, నాకు సంబంధం లేదు" అని చేతులు దులిపేసుకోవచ్చు. నా మనసు మాత్రం ఒప్పుకోదు. కత్తిరిస్తారని ముందే తెలిసినప్పుడు, కత్తిరించినా తప్పుదారి పట్టించని విధంగా చేయడం నా బాధ్యతే. అందుకే నేను రెండు గీతలు గీసుకున్నాను.

మొదటి గీత: మార్పు ఏదైనా ఫొటో మొత్తానికి ఒకేలా వర్తించాలి. వెలుగు పెంచితే అంతటా పెంచాలి. ఒక రాయిని మాత్రమే ఎంచుకుని దానికి మెరుపు తెస్తే నేను చూపించడం ఆపేసి చెప్పడం మొదలుపెట్టినట్టు. రెండో గీత: రోవర్ తీయని దాన్ని నేను పుట్టించకూడదు.

రెండోది చెప్పినంత తేలిక కాదు. రోవర్‌కు నేల మీద పని, కాబట్టి చాలా దృశ్యాల్లో ఆకాశం సగమే ఉంటుంది. కొండల పైన అంచు రంపపు పళ్ళలా తెగి ఉంటుంది. పక్కనున్న ఆకాశం రంగుతో నింపేస్తే గోడకు తగిలించుకునేంత అందంగా వస్తుంది. చాలామంది నింపుతారు, నింపామని చెప్తారు కూడా. వాళ్ళు అబద్ధికులని నేను అనను. ధూళి నిండిన ఆకాశం ఎలాగూ దాదాపు ఒకే రంగులో ఉంటుంది, అందులో ఎవరికీ నష్టం లేదు. అయినా నాకు చెయ్యి రాదు. ఎందుకో చెప్తాను.

తిరుమల కొండ ఫొటోలో నేను ఒక గోపురం ఎక్కువ పెట్టాననుకోండి, సాయంత్రానికల్లా వెయ్యి మంది పట్టుకుంటారు. వాళ్ళు వెళ్ళి చూశారు కాబట్టి. అంగారకుడి మీద ఇంతవరకు ఒక్క మనిషి కూడా నిలబడలేదు. అక్కడ సాక్షి లేడు. ఆ రోవర్ పంపిన పిక్సెల్సే మొత్తం మానవజాతికి ఉన్న చూపు. సాక్షి లేని చోట అబద్ధం ఆడటం ఎంత సులువో, ఆడకపోవడానికి విలువ అంత ఎక్కువ. ఎవరూ చూడట్లేదని తెలిసినా చేతిని ఆపుకోవడమే కదా మన పెద్దలు నిజాయితీ అన్నది.

ఇంకో సంగతి. రంగులు ఇంకాస్త పెంచాలనే కోరిక ఎక్కడి నుంచి వస్తుందో గమనించండి. ఆ రాయి నుంచి రాదు, లైకుల నుంచి వస్తుంది. 2015 ఏప్రిల్‌లో క్యూరియాసిటీ ఒక సూర్యాస్తమయం తీసింది. అక్కడ సూర్యుడి చుట్టూ వెలుగు నీలంగా ఉంటుంది, ఎందుకంటే అక్కడి సన్నని ధూళి నీలం కాంతిని సూర్యుడి దిక్కు నుంచి ముందుకు ఎక్కువగా పంపిస్తుంది. ఎంత అద్భుతం! కానీ ఆ నీలం చాలా మెత్తగా, బూడిద కలిసినట్టు ఉంటుంది. దాన్ని నెమలికంఠం రంగులోకి లాగితే పదిరెట్లు మంది చూస్తారని చేసేవాడికి తెలుసు. ఫలం మీద కన్ను పడగానే పని రూపం మారిపోతుందన్న మాటకు ఇంతకంటే దగ్గరి ఉదాహరణ నాకు దొరకలేదు. అలాగని ఎవరూ చూడొద్దని కాదు. పదిమందికీ చూపించడానికే కదా చేసేది. చూపించాలన్న కోరిక ఉండొచ్చు, దానికి రంగుల మీద అధికారం ఇవ్వకూడదు.

చివరగా ఒక ఫొటో గురించి చెప్పి ముగిస్తాను. 2018లో అంగారకుడంతా ధూళి తుఫాను కమ్మేసింది. ఆపర్చునిటీ సూర్యరశ్మితో నడిచే బండి. జూన్ 10 తర్వాత దాని నుంచి కబురు లేదు. 2019 ఫిబ్రవరి 13న నాసా ఇక చాలని ప్రకటించింది. దాని ఆఖరి పెద్ద దృశ్యంలో 354 ఫొటోలు ఉన్నాయి, మే 13 నుంచి జూన్ 10 వరకు తీసినవి. అందులో కొన్ని ముక్కలు నలుపు తెలుపులోనే ఉండిపోయాయి. వాటిని మిగతా ఫిల్టర్లతో తీసే టైం రాకముందే తుఫాను వచ్చేసింది.

పక్క ముక్కల్లోని రంగు తీసి వాటికి పులమడం ఎంతసేపు పని? నాలాంటివాడికే ఒక పూట చాలు. నాసా విడుదల చేసిన ఆ దృశ్యంలో ఆ ముక్కలకు రంగు పులమలేదు. ఎంతవరకు చూశామో అంతవరకే రంగు. చూడనిది చూడనట్టే ఉంది. నాకు తెలిసిన అంగారక దృశ్యాల్లో అన్నిటికంటే నిజమైనది అదే అనిపిస్తుంది. "ఇక్కడి వరకే నాకు తెలుసు" అని చెప్పగలిగే ఫొటోలు తక్కువ. అలా చెప్పగలిగే మనుషులు ఇంకా తక్కువ.

ఇకమీదట ఏ గ్రహం ఫొటో మీ ఫోన్‌కి వచ్చినా మూడు విషయాలు అడగండి. ఇది ఏ కెమెరా తీసింది? రంగు ఎవరు, ఎందుకు దిద్దారు? అసలు ముక్కలు ఎక్కడైనా దొరుకుతాయా? జవాబు దొరికాకే ఫార్వర్డ్ చేయండి. దొరక్కపోతే చూసి ఆనందించండి, పక్కవాళ్ళకి మాత్రం నిజమని చెప్పకండి.

వచ్చే వారం వీడియోలో మళ్ళీ కలుద్దాం. సెలవు.