తెలిసిన ప్రశ్న, తెలియని ప్రశ్న

మేము బడిలో రోజంతా ప్రశ్నలు అడుగుతాం. వాటి జవాబులు మాకు ముందే తెలుసు. పిల్లలకు వచ్చా రాదా అని చూడటమే మా పని. ఇంట్లో పెద్దవాళ్లను కూడా అలాగే అడగవచ్చా? ఒక పొరపాటు చేశాకే మాకు ఈ ఆలోచన వచ్చింది.

వయసు మళ్లినవాళ్లకు జ్ఞాపకశక్తి అభ్యాసాలు మంచివని విన్నాం. ఒక ఆదివారం మా గోండు గూడెంలో ముసలివాళ్లను చెట్టు కింద కూర్చోబెట్టాం. గుడ్డ మీద పది వస్తువులు పెట్టాం: కొడవలి, తునికాకు, ఇప్ప గింజ, గాజు, ఇలాంటివే. కాసేపు చూపించి కప్పేశాం. ఏమేమున్నాయో చెప్పమన్నాం. ఒక అవ్వ ఎనిమిది చెప్పి, "పెట్టింది మీరే, కప్పింది మీరే. మళ్లీ నన్నెందుకు అడుగుతారు?" అంది. అందరం నవ్వాం. తర్వాత ఒక తాత మూడు చెప్పి ఆగిపోయాడు. అప్పుడూ పిల్లలు నవ్వారు. మేము వాళ్లను ఆపలేదు. మరుసటి ఆదివారం తాత రాలేదు.

కొన్నాళ్లకు గూడెంలో ఒక పెళ్లి మాట నడిచింది. మా గోండుల్లో నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవుళ్ల సగలున్నాయి. ఒకే సగవాళ్లు అన్నదమ్ముల లెక్క, వాళ్ల మధ్య పెళ్లి కుదరదు. అబ్బాయి వాళ్లు మహారాష్ట్ర వైపు నుంచి వచ్చారు. వాళ్ల ఇంటిపేరు ఏ సగలోకి వస్తుందో మా చదువుకున్నవాళ్లలో ఒక్కరికీ తెలియలేదు. ఆ తాత దగ్గరికే వెళ్లాం. ఆయన కళ్లు మూసుకుని, ఏ ఊరి ఆడపిల్లను ఏ ఊరికి ఇచ్చారో ఒక్కొక్కటే చెప్పుకుంటూ వచ్చి, చివరికి సగ తేల్చాడు.

వయసు పైబడ్డాక కొత్త సంగతులు త్వరగా జారిపోతాయి, పాతవి ఎక్కువకాలం నిలుస్తాయి. తాత విషయంలో అదొక కారణం. ఇంకో కారణం మా దగ్గరే ఉంది. గుడ్డ కింద వస్తువులు ఆయనకు పరీక్ష. సగ మాత్రం మా అవసరం. పరీక్షలో ఆయన ఓడిపోవచ్చు. అవసరంలో మాత్రం ఆయన పెద్దమనిషి.

అందుకే మీకు తెలియనిదే అడగండి. ఏ వాగు పక్కన ఏ దుంప దొరికేది? అకాడి పండుగ ముందు ఎలా జరిగేది? సంతకు తీసుకెళ్లి, కొనాల్సినవి వాళ్లనే గుర్తుపెట్టుకోమనండి. ప్రధాన్లు కిక్రి వాయిస్తూ కథ చెప్పే రాత్రి వాళ్లను ముందు వరుసలో కూర్చోబెట్టండి. మరునాడు ఆ కథ వాళ్ల నోట విని రాసుకోండి. రోజూ చేయదగిన అభ్యాసాలు ఇవే.

అయితే ఏ అభ్యాసమైనా మతిమరుపు జబ్బు రాదని హామీ ఇవ్వలేదు. వినికిడి తగ్గినా, బీపీ, షుగర్ అదుపు తప్పినా ఆ ముప్పు పెరుగుతుంది. మనిషి ఉన్నట్టుండి తికమకపడితే ముసలితనం అని వదిలేయకుండా వెంటనే డాక్టరుకు చూపించాలి.

అసలు చిక్కు ఇక్కడుంది. సగ చెప్పగలిగాడు కాబట్టే తాతను గౌరవించామా? రేపు అదీ మరిచిపోతే? పనికొచ్చినంత కాలమే పెద్దరికం అనుకుంటే, మేము మళ్లీ పరీక్షే పెట్టినట్టు. ఆయన ఇన్నేళ్లు మా అందరి సంగతులూ గుర్తుపెట్టుకున్నాడు. ఆయన మరిచిపోయే రోజున ఆయన సంగతులు గుర్తుపెట్టుకోవడం మా వంతు. అది దయ కాదు, బాకీ.

పిల్లలకు మేమిప్పుడు ఒక్కటే చెబుతున్నాం. "నేనెవరో చెప్పు చూద్దాం" అని పెద్దవాళ్లను అడగొద్దు. "రాం రాం తాతా, నేను నీ మనవణ్ణి" అని పేరు చెప్పి పలకరించండి.

మేము వెళ్లి తప్పు ఒప్పుకున్నాక తాత మళ్లీ చెట్టు కిందికి వస్తున్నాడు. ఒక్కోసారి మా పేర్లు మరిచిపోతాడు. పేరు చెప్పి పక్కన కూర్చుంటాం.