ఓడరేవును పూడ్చిన మన్ను

మూల వాక్యము: ప్రకటన 2:1-7



ఎఫెసు పేరు మనకు క్రొత్తది కాదు. పౌలు అక్కడ మూడేండ్లు కన్నీళ్లతో బుద్ధి చెప్పిన సంగతి అపొస్తలుల కార్యములు 20వ అధ్యాయములో చదువుచున్నాము. ఆ దినములలో అది ఆసియ సీమకంతటికి గొప్ప రేవు పట్టణము.

నేడు దాని శిథిలములు టర్కీ దేశములో నున్నవి. నాటకశాలనుండి రేవునకు పోవు వీధి ఇప్పటికిని కనబడుచున్నది. దాని చివర ఓడలు లేవు, సముద్రమును లేదు. రెల్లు మొలచిన బాడవ యున్నది. సముద్రము అక్కడికి 5, 6 కిలోమీటర్ల దూరము. అర్తెమిదేవి గుడిని ఉడ్ అను ఆంగ్లేయుడు 1863 మొదలు వెదకి, 1869లో సుమారు 20 అడుగుల మన్ను క్రింద కనుగొనెను.

ఇట్లేల జరిగెను? భూగర్భ శాస్త్రజ్ఞులు ఆ బాడవలో మనము బోరు వేయునట్లు గొట్టములు దింపి, లోపలి మన్నును పొరలు చెదరకుండ పైకి తీసిరి. అడుగున సముద్రపు గవ్వలు గల బురద. దానిమీద కైస్తరు నది తెచ్చిన ఒండ్రు. అన్నిటికి పైన చిత్తడినేల మన్ను. పొరలలో చిక్కిన కొయ్యబొగ్గును, మొక్కల తునకలను పరీక్షించి ఏ పొర ఎప్పటిదో లెక్కకట్టిరి. పుప్పొడి రేణువులనుబట్టి అడవులు తగ్గి సేద్యము పెరిగెనని తెలిసికొనిరి. చెట్లు లేని కొండమన్ను వానకు కొట్టుకొనివచ్చి నదిలో పడెను. నది దానిని రేవులో పోసెను.

భూకంపములును యుద్ధములును ఆ పట్టణమును బాధించెను. కాని రేవును మూసినది శత్రువు కాదు, రేణువు వెంబడి రేణువుగా దిగిన మన్ను. అది దిగు చప్పుడు ఎవరికిని వినబడలేదు.

ఈ మన్ను దేవుని శాపమని మేము చెప్పము. పొరుగున నున్న మిలేతు రేవును ఇట్లే పూడిపోయెను. ప్రభువు ఎఫెసు సంఘమునకు వ్రాయించిన మాటను గ్రహించుటకు ఈ మన్ను మనకు సాదృశ్యముగా నున్నది. ఆ సంఘము కష్టపడెను, సహించెను, అబద్ధ బోధకులను పరీక్షించెను. ఇన్ని యుండియు మొదటి ప్రేమను విడిచెను. అదియు ఒక్క దినమున జరిగినది కాదు.

మన సంఘములలోను హాజరు తగ్గలేదు, కానుకలు తగ్గలేదు. అయితే గట్టు తగవుతో మాటలు మానిన అన్నదమ్ములు ఒకే బల్ల యొద్ద రొట్టె తీసికొని, వేర్వేరు దారుల ఇంటికి పోవుచున్నారు. విధవరాలి ఇంటికి వెళ్లి ఎన్ని నెలలాయెను? ఇవన్నియు చిన్న రేణువులే.

మరియొక సంగతి. క్రీస్తుకు పూర్వము 2వ శతాబ్దములో అట్టాలస్ రాజు రేవు లోతగునని తలంచి దాని ముఖమును గోడ కట్టించి ఇరుకు చేయించెనని స్ట్రాబో అను గ్రంథకర్త వ్రాసెను. ముందు ఆటుపోటులు మన్నును బయటికి లాగుచుండెను. గోడ కట్టిన తరువాత మన్ను లోపలనే నిలిచెను. మన కులమువారు, మన బంధువులు చాలునని సంఘ ద్వారమును ఇరుకు చేయువారు ఈ గోడను తలంచుకొనవలెను. మూసిన చోట లోతు పెరుగదు, పూడికే పెరుగును.

రేవును కాపాడ యత్నించినవారును కలరు. సుమారు క్రీ.శ. 61లో సొరానస్ అను అధిపతి పూడిక తీయించెను. 129 నాటి శాసనము హాడ్రియన్ చక్రవర్తి నదిని ప్రక్కకు మళ్లించెనని చెప్పుచున్నది. ఒకసారి తీసినంత మాత్రమున చాలలేదు; కొండలనుండి మన్ను దిగుచునే యుండెను.

చెరువు పూడిక తీయు మనకిది తెలిసిన పనియే. నీరు నిలువలేదని వానను నిందింపము. పార పట్టుకొని దిగుదుము. మారుమనస్సు అట్టి పని. ఎక్కడనుండి పడితిమో జ్ఞాపకము చేసికొనుమని ప్రభువు చెప్పుట, మన్ను ఏ కొండనుండి దిగుచున్నదో చూడుమనుటయే. ఈ నెల బల్లకు రాకముందు ఆ అన్న తమ్ముని గడప త్రొక్కును గాక. ఆ విధవరాలి తలుపు మనలో ఒకరు తట్టుదురు గాక.

ఎఫెసు రేవు మరల తెరువబడలేదు. మన హృదయమునకు ఇంకను సమయమున్నది. ప్రభువు మన దీపస్తంభమును దాని చోటనే నిలుపును గాక. ఆమేన్.