తూనికరాయిని తూచేదెవరు?

2020 జనవరి 26, తెల్లవారుజామున రెండున్నర దాటింది. పులిచింతల పరిసరాల్లో 4.6 తీవ్రతతో భూమి కంపించింది. కృష్ణకు ఇటు పల్నాడులోనూ అటు సూర్యాపేట వైపూ జనం నిద్రలేచి వీధుల్లోకొచ్చారు. సీస్మోగ్రాఫులకు కావలసినంత సమాచారం దొరికింది. మరి నేల శాశ్వతంగా ఎంత జరిగింది? పది కిలోమీటర్ల లోతున ఇంతటి కంపం పుడితే పైన కదలిక మిల్లీమీటరుకు మించదు. మాచవరం చుట్టుపక్కల మిర్చి, పత్తి చేలమీద ఉపగ్రహ రాడార్‌కు అది చిక్కడం కష్టం. పైరు పెరిగితే చాలు, తిరిగొచ్చే రాడార్ తరంగం మారిపోతుంది.

ఒక సాక్షి మాట్లాడాడు, ఇంకొకడు మౌనం. ఆ మౌనానికి బరువెంత?

భాట్ట మీమాంసకులు అనుపలబ్ధిని, అంటే కనబడకపోవడాన్ని, ప్రత్యేక ప్రమాణంగా ఒప్పుకున్నారు. ఒక షరతు పెట్టారు: ఉంటే కనబడి తీరవలసిన వస్తువు అయివుండాలి. చీకటి గదిలో కుండ కనబడలేదంటే కుండ లేదని కాదు. పులిచింతల మిల్లీమీటరును రాడార్ కాదనలేదు. అయితే ఎవరైనా అక్కడ పైపొరల్లోనే 6.5 తీవ్రత కంపం వచ్చిందంటే, ఆ మౌనం ఒక్కటే వాదాన్ని కొట్టిపారేస్తుంది.

పెద్ద భూకంపాల్లో ఇద్దరు సాక్షులూ నోరు విప్పుతారు. తగాదా అప్పుడే మొదలవుతుంది. రాడార్ చిత్రంలో లక్షల పిక్సెళ్లు, సీస్మోగ్రాఫులు పదుల్లో. తలలు లెక్కపెడితే రాడార్‌దే గెలుపు. కానీ పక్కపక్క పిక్సెళ్లు గాలిలోని ఒకే తేమవల్ల ఒకే తప్పు చెబుతాయి. వెయ్యి పిక్సెళ్లు వెయ్యిమంది సాక్షులు కారు. అందుకే తలల లెక్కన బరువు వేయకూడదు. 2010లో శాస్త్రవేత్తలు జునిచి ఫుకుదా, కాజ్ జాన్సన్ ఒక్కో దత్తాంశం బరువును ముందే నిర్ణయించకుండా, ఆ బరువులనూ తెలియని రాశులుగానే లెక్కలోకి తెచ్చారు. ఏ దత్తాంశానికి ఎంత విలువో దత్తాంశాలే తేల్చాలి.

ఇక్కడ బౌద్ధ తాత్వికుడు నాగార్జునుడు అడ్డుపడతాడు. సంప్రదాయం ఆయన్ను పల్నాడు జిల్లాలోని నాగార్జునకొండతో ముడిపెడుతుంది. విగ్రహవ్యావర్తనిలో ఆయన అడిగింది ఇదే: వస్తువులను ప్రమాణాలు నిరూపిస్తే, ప్రమాణాలను నిరూపించేదేమిటి? న్యాయసూత్రాల్లో దీనికి దీటైన జవాబుంది. తక్కెడ బంగారాన్ని తూస్తుంది, అనుమానం వస్తే తెలిసిన బంగారంతో తక్కెడనే తూస్తారు. ఫుకుదా, జాన్సన్‌ల పద్ధతి నైయాయికులకు నచ్చి ఉండేదే.

అయినా నాగార్జునుడి ప్రశ్న పూర్తిగా సద్దుమణగదు. భూమి గురించి మనం వేసుకున్న నమూనాకూ పరిశీలనకూ పొసగకపోతే లెక్క ఆ పరిశీలన బరువును తగ్గిస్తుంది. పల్నాడు నేలకింద సున్నపురాయి, పలకరాయి పొరలు పొరలుగా ఉన్నాయి. నమూనా మాత్రం భూమంతా ఒకే రాయి అనుకుందనుకోండి. సీస్మోగ్రాఫు స్టేషన్ నిజమే చెబుతుంది, శిక్షా దానికే పడుతుంది! 2014లో జకారీ దుపుతెల్ బృందం రాతి గురించిన మన అజ్ఞానానికీ లెక్కలో చోటిచ్చింది. మరి ఆ అజ్ఞానం ఎంతో చెప్పాలన్నా పాత కంపాల తరంగాలు, బోర్ల కొలతలే దిక్కు. వాటికీ ఒక బరువు వెయ్యాలి.