తెర మీద ఫోకస్

మూఢంలో నాకు పనుండదు. స్టూడియో షట్టర్ సగం దించుకుని హార్డ్ డిస్కులు సర్దుకుంటూ కూర్చుంటాను. సూర్యాపేటలో ఇరవై ఏళ్లుగా పెళ్లి ఫోటోలు తీస్తున్నవాణ్ణి. అటు కోదాడ, ఇటు మిర్యాలగూడ, ఏ ఫంక్షన్ హాల్లో కరెంటు పోతే జనరేటర్ ఎంతసేపటికి అందుకుంటుందో కళ్లు మూసుకుని చెప్పగలను. ఈసారి మూఢంలో మాత్రం వేరే పని పెట్టుకున్నాను. కోదాడ కుర్రాడొకడు ఫోన్ చేసి, "అన్నా, సెకండ్ హ్యాండ్‌లో డీఎస్ఎల్ఆర్ కొనాల్నా, అప్పు చేసైనా మిర్రర్‌లెస్ కొనాల్నా?" అని అడిగాడు. నోటికొచ్చింది చెప్పకుండా ఒకసారి రెండిటినీ పక్కపక్కన పెట్టి చూద్దామనిపించింది.

నా పాతది కెనాన్ 5డీ మార్క్ త్రీ. కంపెనీ దాన్ని 2012లో తెచ్చింది, నేను 2014లో కొన్నాను. కొత్తది ఆర్6 మార్క్ టూ. 2022 చివర్లో వచ్చింది, మరుసటేడే వాయిదాల మీద తీసుకున్నాను. పాతది ఇప్పుడు నాది కాదు. నా దగ్గర ఆరేళ్లు లైట్ పట్టుకుని నిలబడ్డ కుర్రాడికి ముప్పై వేలకు ఇచ్చేశాను. పోలిక కోసం వాణ్ణే అడిగి రెండు రోజులకు తెచ్చుకున్నాను. ఆ ముప్పై వేల సంగతి తర్వాత చెబుతాను.

రెండూ తీసుకుని పిల్లలమర్రి వెళ్లాను. కాకతీయుల కాలం నాటి ఆ గుళ్లలో నల్లరాతి స్తంభాలు కెమెరాకు మంచి పరీక్ష. గడప దగ్గర ఎండ కొడుతుంటుంది, రెండడుగులు లోపలికి వేస్తే చీకటి. లెన్స్ ఒకటే, నా పాత సెవెంటీ టూ హండ్రెడ్. పాత బాడీకి నేరుగా పట్టుకుంటుంది, కొత్తదానికి మధ్యలో ఒక రింగు వేయాలి. ఆ రింగులో అద్దం లేదు, గాజు లేదు, ఉత్త గొట్టం. పాత కెమెరాలో లెన్స్ కూర్చునే చోటు నుంచి సెన్సార్ దాకా 44 మిల్లీమీటర్లు, కొత్తదాంట్లో 20. పాతదాంట్లో అద్దం లేచి పడ్డానికి జాగా కావాలి కాబట్టి ఆ దూరం. అద్దం తీసేశారు, దూరం తగ్గింది. తగ్గిన 24 మిల్లీమీటర్లనే రింగుగా చేసి మళ్లీ మనకు అమ్మారు. అద్దం కాపురమున్న ఖాళీ ఇల్లు అన్నమాట.

ఇంటికొచ్చి ఫైళ్లు తెరిచాను. పాతదాని ఫోటో అడ్డం 5,760 చుక్కలు, కొత్తదానిది 6,000. ఆల్బమ్ ప్రింటుకు అంగుళానికి 300 చుక్కల లెక్కన పాతది 19.2 అంగుళాలు వస్తుంది, కొత్తది 20. అంటే ముప్పాతిక అంగుళం చిల్లర. నా ఆల్బమ్‌లో సగం పేజీ 18 అంగుళాలు, రెండూ నిండుగా సరిపోతాయి. పదేళ్ల తేడా ఉన్న రెండు కెమెరాలతో ఎండలో తీసిన స్తంభాల్ని ప్రింట్ వేసి మా ఆవిడకు చూపిస్తే, ఏది దేనిదో ఆమె చెప్పలేకపోయింది. నిజం చెప్పాలంటే వెనక రాసుకున్న గుర్తు చూస్తే తప్ప నేనూ చెప్పలేను.

చీకట్లో మాత్రం కొత్తదానిదే పైచేయి. స్టాండ్ లేకుండా చేత్తో పట్టుకుని సెకనులో ఎనిమిదో వంతు షట్టర్‌కు తీసినా స్తంభం మీది చెక్కడం చెదరలేదు. లోపల సెన్సార్ తేలుతూ చేతి వణుకును సర్దుకుంటుంది. మనిషి కన్ను ఎక్కడుందో తనే వెతుక్కుని పట్టుకుంటుంది. నలభై దాటి చత్వారం వచ్చిన నాలాంటివాడికి అది వరమే. సెకనుకు పాతది 6 తీస్తే కొత్తది 12, చప్పుడు లేకుండా అయితే 40 దాకా.

ఆ చప్పుడు గురించి ఒక మాట. పాతదాని టక్కుమనే చప్పుడు మా పురోహితులకు అలవాటు. మంగళసూత్రం ఎత్తిపట్టుకుని టక్ టక్ వినబడగానే వరుడి చేతికి ఇచ్చేవారు. కొత్తది చేతికొచ్చిన మొదటి పెళ్లిలో పురోహితుడు సూత్రం ఎత్తి పట్టుకుని నా వంక చూస్తూనే ఉన్నాడు. అప్పటికే ముప్పై తీశాను. "తీశావా నాయనా?" అని మైకులోనే అడిగాడు. హాలంతా నవ్వింది.

ఇంకో తేడా కాగితం మీద కనబడదు. పాత కెమెరాలో బటన్ నొక్కగానే అద్దం పైకి లేస్తుంది, వ్యూఫైండర్ చీకటవుతుంది. ఫోటో పడేది సరిగ్గా ఆ చీకట్లోనే. చూసిన క్షణం పడదు, పడిన క్షణం చూడలేం. అందుకే నొక్కడానికి ముందు ఏం జరగబోతోందో ఊహించుకునేవాణ్ణి. పెళ్లికూతురు తల్లి పమిట కొంగు నోటిదాకా ఎప్పుడు తెస్తుందో, తలంబ్రాల పళ్లెంలోకి వరుడి చెయ్యి ఎప్పుడు దిగుతుందో. ఇప్పుడు ఊహ అక్కర్లేదు, నొక్కి పట్టుకుంటే చాలు. ఒక పెళ్లికి రెండు వేలు దాటని ఫైళ్లు ఏడు వేలయ్యాయి. రాత్రంతా బియ్యంలో రాళ్లేరినట్టు ఏరుతున్నాను. ఏరేటప్పుడు కొన్ని మొహాలు నాకే కొత్తగా కనబడతాయి. ఈమెను నేనెప్పుడు తీశాను? అక్కడ నిలబడింది నేనే, చూడలేదంతే.

ఇదంతా కోదాడ కుర్రాడికి ఫోన్‌లోనే చెప్పేయొచ్చు. చెప్పలేకపోవడానికి కారణం పాత హార్డ్ డిస్కులో దొరికింది.

2023 మాఘమాసం, మిర్యాలగూడ. పెళ్లికూతురి తండ్రి రైస్ మిల్లులో ఆపరేటర్. రాత్రి ముహూర్తం. జీలకర్ర బెల్లానికి పది నిమిషాల ముందు నాకు ఫోన్ వచ్చింది. మర్నాడు కోదాడలో ఆర్డర్, అడ్వాన్స్ ఇంకో పదివేలు తగ్గించమంటున్నారు. హాలు వెనక డేగిసాల పక్కన నిలబడి బేరమాడుతుంటే నాదస్వరం గట్టిగా అందుకుంది. పరుగెత్తుకొచ్చి నా లైట్ కుర్రాడి చేతిలోంచి కెమెరా లాక్కున్నాను. అడ్డుతెర ఇంకా దించలేదు. గురి చూసి సగం నొక్కి పట్టాను. పక్కనుంచి కుర్రాడు "అన్నా, తెర మీద పట్టింది" అన్నాడు. నోర్ముయ్ అన్నట్టు మోచేత్తో పొడిచాను. తెర దిగింది. ఎవరి జీవితంలోనైనా ఒక్కసారే వచ్చే ఆ చూపు, నేను పదిహేడు తీశాను. పదిహేడూ పోయాయి. పెళ్లికూతురి మొహం నీళ్లలో ముంచి తీసినట్టుంది.

వారం తర్వాత తండ్రి స్టూడియోకొచ్చాడు. స్క్రీన్ మీద చూసి చాలాసేపు ఏమీ అనలేదు. నేను మొదలుపెట్టాను. ఈ కెమెరాల్లో ఫోకస్ చూసే సెన్సార్ వేరు, ఫోటో పడే సెన్సార్ వేరు సార్, అద్దం వెనకున్న చిన్నద్దం నుంచి వెలుతురు కిందికి పోయి అక్కడ ఫోకస్ తేలుతుంది, రెండిటి మధ్యా వెంట్రుకవాసి తేడా వస్తే ఇట్లా అవుతుంది, పాతబడింది కదా అని. చెప్పిన ప్రతి ముక్కా నిజమే. డీఎస్ఎల్ఆర్‌లు అట్లాగే పనిచేస్తాయి, అట్లా తేడా రావడమూ కద్దు. అబద్ధానికి అంత సైన్సు తోడు పెట్టడం నాకెట్లా చేతనైందో.

ఆయన తలూపాడు. "మిషినన్నంక అంతే తమ్మీ. మా మిల్లుల రబ్బర్ రోల్ అరిగితే నూక పడతది. వడ్లది తప్పా, మాది తప్పా?" అన్నాడు. నన్ను ఓదార్చి, బాకీ ఉన్న డబ్బు లెక్కపెట్టి బల్ల మీద పెట్టాడు. తీసుకున్నాను. కుర్రాడు మూలన కూర్చుని వైర్లు చుడుతున్నాడు, తలెత్తలేదు.

ఆ అబద్ధం అంతటితో ఆగలేదు. ఇంట్లో అదే చెప్పాను, తోటి ఫోటోగ్రాఫర్లకూ అదే చెప్పాను. చెప్పగా చెప్పగా నేనే నమ్మాను. రెండు లక్షలు దాటిన కొత్త కెమెరా కొనడానికి అదే సాకు. పాతదాన్ని అమ్మబోతే ఫోకస్ పోయిందని ఊరంతా తెలుసాయె, ఎవరూ ముట్టుకోలేదు. చివరికి కుర్రాడే "నాకియ్యన్నా" అని ముప్పై వేలు చేతిలో పెట్టాడు. దాని అసలు ధర తెలిసినవాడు సూర్యాపేటలో వాడొక్కడే.

మొన్న మూఢంలో ఆ పదిహేడు ఫైళ్లనూ కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో తెరిచాను. ఫోకస్ ఏ పాయింట్ మీద పట్టిందో అందులో ఎర్ర గడి చూపిస్తుంది. మొదటి ఫైల్లో ఎర్ర గడి తెర మీద పసుపుతో దిద్దిన స్వస్తిక్ మీద కూర్చుని ఉంది. పెద్దది చేసి చూశాను. పసుపు తడిసి ఆరిన చోట బట్ట నేత పోగు పోగునా కనబడుతోంది. అంత స్ఫుటమైన ఫోటో నేను కొత్త కెమెరాతో కూడా తీసి ఉండను. రెండొందల లెన్స్‌కు టూ పాయింట్ ఎయిట్‌లో ఆ దూరాన స్పష్టంగా ఉండేది బెత్తెడు మందమే, మొహం దానికి అడుగు వెనక ఉంది. వన్ షాట్ మోడ్‌లో సగం నొక్కి పట్టుకుంటే ఫోకస్ కదలదు, కదలకూడదు. పదిహేడో దాంట్లో కూడా తెర అంచు పట్టుకున్న పురోహితుడి వేలికి దర్భ ఉంగరం పీచు పీచుగా తెలుస్తోంది. కెమెరా ఆ రాత్రి నేను చెప్పిన పని చెప్పినట్టు చేసింది.

కుర్రాడు కెమెరా వెనక్కి తీసుకోవడానికి వచ్చినప్పుడు స్క్రీన్ మీద అదే ఉంది. ముయ్యబోయి ఆగాను. చూశాడు. "స్వస్తిక్ మంచిగొచ్చిందన్నా" అన్నాడు. వెటకారమో కాదో తెలియలేదు. కార్డులో ఉన్నవి కాపీ చేసుకుంటానంటే సరేనన్నాడు. అందులో 2025 పెద్దగట్టు జాతరవి ఉన్నాయి. గజ్జెల లాగు కట్టినవాడు గాల్లోకి ఎగిరి ఉన్నాడు, భేరీ మీద పుల్ల ఇంకా పడలేదు. ఒకే ఒక్క ఫ్రేమ్. ముందు చూశాను, వెనక చూశాను, దాని జతది లేదు. ఒక్కసారే నొక్కాడు.

వాడు బండి స్టార్ట్ చేస్తుండగా మిర్యాలగూడ నుంచి ఫోన్. ఆ మిల్లు ఆపరేటర్ రెండో బిడ్డ పెళ్లట. మూఢం పోగానే ముహూర్తం, నన్నే రమ్మంటున్నాడు.

"కొత్త కెమెరా కొన్నవంట గద తమ్మీ?"

"కొన్న సార్."

"అదే తే. గా పాత మిషిన్ మాత్రం తేకు."

కుర్రాడు పాత కెమెరాను బ్యాగులో పెట్టుకుని జిప్పు లాగుతున్నాడు. ఫోన్ స్పీకర్‌లో ఉంది.

"తేను సార్" అన్నాను.