భూదేవి క్షమ – మన కర్తవ్యము

ప్రాతఃకాలమున శయ్యను విడిచి పాదము నేలపై మోపుటకు ముందు భూదేవికి నమస్కరించి, పాదస్పర్శను మన్నింపుమని వేడుకొనుట మన పెద్దలు నేర్పిన ఆచారము. శ్రీమహావిష్ణువునకు దేవేరియైన ఆ తల్లికి క్షమ అని పేరు. సంస్కృతమున ఆ ఒక్క పదమే భూమికిని, ఓర్పునకును వాచకము. దున్నినను, త్రవ్వినను, ఎంత భారము మోపినను సహించునది గనుక ఆ పేరు ఆమెకు తగియున్నది. అట్టి తల్లి ఒక్కొక్కప్పుడు మన కాలిక్రిందినుండి జారిపోవుటకు కారణమేమి? అది ఆమె ఆగ్రహమా? ఆ నేలతోపాటు సర్వస్వము కోల్పోయినవారు పాపాత్ములా?

గోదావరి తీరవాసులకు ఇది కేవలము వేదాంతచర్చ కాదు. ధవళేశ్వరము దిగువన గౌతమీ వసిష్ఠలుగా చీలి, వసిష్ఠనుండి వైనతేయ వేరుపడి, సముద్రమును చేరు ఈ నది తెచ్చిన ఒండ్రుమట్టియే మన డెల్టా. ఈ సమతల భూమిలో కొండచరియలు విరిగిపడు భయము లేకున్నను, ఏటి ఒడ్డు విరిగి జారు భయము కలదు. కొబ్బరిచెట్లు, అరటితోటలు, ఒక్కొక్కచో ఇండ్లు సైతము ఏటిలో కలియుట లంకవాసులు ఎరిగినదే. భద్రాచలమువద్ద 1986 ఆగస్టులో 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు గోదావరి పొంగిన సంగతి అందరికిని గుర్తున్నది. కాని వరద పొంగునప్పటికంటె తీయునప్పుడే ఒడ్డునకు అపాయము మెండను సంగతి కొందరే గమనింతురు.

వరద నిలిచియున్నన్ని దినములు నీరు ఒడ్డులోనికి ఇంకుచుండును. ఆ సమయమున ఏటినీరే ఒడ్డును ప్రక్కనుండి అదిమి ఊతగా నిలుచును. వరద వేగముగా తీసినచో ఆ ఊత పోవును. లోన ఇంకిన నీరు మాత్రము అంత త్వరగా వెలికిరాదు. నానిన మట్టి బరువెక్కి, రేణువుల నడుమ పట్టు సడలి, ఒడ్డు నిలువునా విరిగి జారును. ఒడ్డు మొదట ఇసుకను ప్రవాహము ముందే కోసికొనిపోయినచో, లేక మనుష్యులే త్రవ్వి తరలించినచో, ఆ పతనము మరింత శీఘ్రమగును.

కొండకును ఇదే ధర్మము. 2021 నవంబరు మాసపు భారీవర్షముల అనంతరము డిసెంబరు 1వ తేదీన తిరుమల రెండవ ఘాట్ రోడ్డుపై బండరాళ్ళు పడినవి. శ్రీస్వామివారి దయవలన ప్రాణనష్టము కలుగలేదు. 2024 ఆగస్టు 31న విజయవాడ మొగల్రాజపురమున కొండచరియలు ఇండ్లపై విరిగిపడగా పలువురు మరణించిరి.

పొడి ఇసుకను కుప్పగా పోసి చూడుడు. కొంత వాలువరకు అది నిలుచును. ఆపైన మరొక గుప్పెడు పోసిన జారును. ఇసుకకు కోపము వచ్చెనని ఎవరును అనరు. ప్రతి నేలకును తాను మోయగల వాలు, తాను సహింపగల తడి కలవు. భగవంతుడు ఏర్పరచిన ఆ మేరయందు ఉన్నంతవరకే ఆమె ఓర్పు మనకు ఆధారము. దానిని మీరి, ఆమె క్షమను మన స్వేచ్ఛకు అంగీకారముగా భావించుట మన అవివేకము.

ఇక రెండవ ప్రశ్న. ఇసుకను త్రవ్వినవాడొకడు, దానితో మేడ కట్టినవాడొకడు, ఒడ్డు జారి పొలము పోగొట్టుకొన్నవాడు వేరొకడు. కొండమొదలు తొలిచినవాడు దూరముననుండ, దానిక్రింద గుడిసె వేసికొన్న పేదవాడు హతుడగుచున్నాడు. ఇట్టిచోట బాధితుని పూర్వకర్మను వెదకుట ధర్మమనిపించుకొనదు. కర్మసిద్ధాంతము మన నడవడిని మనము దిద్దుకొనుటకు ఏర్పడినది. పరుల దుఃఖముపై తీర్పు చెప్పుటకు దానిని వాడరాదు.

అంతయు దైవాధీనమైనప్పుడు మన ప్రయత్నమెందులకని కొందరందురు. భూమి జలములలో మునిగినవేళ శ్రీహరి వైకుంఠమున ఊరకుండలేదు; వరాహరూపమున నీటిలోనికి దిగి ఆమెను కోరలపై ఎత్తెను. ఆ స్వామిని కొలుచువారికి భూరక్షణము కైంకర్యమే. ఏటిగట్టున, కొండవాలున చెట్టు నరకకుండుట కైంకర్యము. స్వామిసేవలో పరిమళించు వట్టివేరు లోతుగా వేళ్ళు దింపి మట్టిని పట్టియుంచును. దానిని ఒడ్డున నాటుటయు కైంకర్యమే. ఒడ్డువెంట నేల బీటలు వారినను, చెట్లు ఏటివైపు ఒరిగినను, వాలునుండి క్రొత్తగా బురదనీరు ఊరినను, ఇరుగుపొరుగువారిని వెంటనే హెచ్చరించి దూరముగా తరలించుట అన్నిటికంటె ముఖ్యము. ఘాట్ రోడ్డున వానవేళ అధికారులు ప్రయాణము నిలిపినచో యాత్రికులు విసుగుకొనక నిలిచిపోవలయును.

ఉదయమున పాదస్పర్శకే మన్నింపు వేడు మనము, పగటివేళ ఆమె మూలమునే త్రవ్వి అమ్ముకొనినచో ఆ ప్రార్థనకు అర్థమేమున్నది? తాను అడుగుపెట్టు నేలను కాపాడుచు, నేల కోల్పోయినవానికి చోటు చూపు గృహస్థుని నమస్కారమును ఆ తల్లి తప్పక స్వీకరించును.