శాస్త్రపరిశోధనలో దయాధర్మము

రోగమును తొలగించు ఔషధము ఆకాశమునుండి ఊడిపడదు. ఏ వ్యాధికి మందు కనుగొనవలెనన్నను దానిని ముందుగా ఏదో యొక దేహముపై పరీక్షింపవలసినదే. మొదట ఎలుక, కుందేలు, పిదప మనుష్యుడు. కనుక పరిశోధనయే పాపమని త్రోసిపుచ్చుట దయ కాజాలదు. అట్లు త్రోసిపుచ్చువాడు రేపటి రోగిపట్ల నిర్దయుడగుచున్నాడు. అయితే పదిమంది మేలునకై ఒకని దేహమును వాడుకొనునపుడు, ఆ యొకనికి మనమేమి ఋణపడియున్నాము? ఈ ప్రశ్నను విడిచి సాగిన విద్య ఎంత దూరము దిగజారునో గత శతాబ్దము చూపినది.

రెండవ ప్రపంచయుద్ధకాలమున జర్మనీ నిర్బంధ శిబిరములలో వైద్యులు ఖైదీలను మంచునీట ముంచియు, రోగక్రిముల నెక్కించియు పరీక్షలు జరిపిరి. 1946 డిసెంబరులో న్యూరెంబర్గు నగరమున 23 మందిపై విచారణ మొదలైనది. 1947 ఆగస్టులో తీర్పు వెలువడి, ఏడుగురికి మరణశిక్ష పడినది. ఆ తీర్పులోనే పరిశోధనకు పది నియమములు పొందుపరుపబడినవి. వానిలో మొదటిది, పరీక్షకు లోనగువాని స్వచ్ఛంద సమ్మతి తప్పనిసరి యనునది.

అది క్రూరుల కథయనియు, సజ్జనులకు అట్టి నియమములతో పనిలేదనియు తలచినవారు కలరు. వారికి సమాధానము అమెరికాలోని టస్కెగీ పట్టణమున దొరకును. అచట 1932లో ప్రభుత్వ ఆరోగ్యశాఖ వైద్యులే సుమారు 600 మంది నల్లజాతి పురుషులను చేర్చుకొని, సవాయి రోగము చికిత్స లేనిచో ఎట్లు ముదురునో గమనింప మొదలిడిరి. వారిలో 399 మంది రోగులు. తమకు చికిత్స జరుగుచున్నదనియే వారు నమ్మిరి. పెన్సిలిన్ ఆ రోగమునకు దివ్యౌషధమని తేలిన పిమ్మటను వారికది ఈయలేదు. 1972లో పత్రికలు బయటపెట్టువరకు, నలువది సంవత్సరములు, ఇది సాగినది. అచట కత్తి లేదు, సంకెల లేదు, నమ్మకమే సంకెలయైనది. ఈ ఉదంతము తరువాత అమెరికాలో 1979లో వెలువడిన బెల్మాంటు నివేదిక వ్యక్తి గౌరవము, మేలు చేయుట, న్యాయము అను మూడు సూత్రములను నిలిపినది. భారము పేదలకును, ఫలము సంపన్నులకును పోరాదనుటయే ఆ మూడవదాని భావము.

ఇది పరదేశపు ముచ్చట యనుకొందుమా? 2009లో నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో, గర్భాశయ ముఖద్వార క్యాన్సరును నివారించు టీకాను పరిశీలనార్థము వేలాది బాలికలకు వేసిరి. వారు పదినుండి పదునాలుగేండ్లవారు. అనేకులు గిరిజనులు, హాస్టళ్లలో ఉండి చదువుకొనువారు. కొందరు బాలికలు మరణించుటతో అలజడి రేగి, 2010 ఏప్రిలులో ఆ కార్యక్రమమును నిలిపివేసిరి. ఆ మరణములకు టీకా కారణమని విచారణలో తేలలేదు. ఆ టీకా నేడు పెక్కు దేశములలో స్త్రీలను కాపాడుచున్నది. దోషము మరియొక చోట కలదు. 2013లో పార్లమెంటు స్థాయీసంఘము వెల్లడించినదేమనగా, 9,543 సమ్మతి పత్రములలో 1,948 వేలిముద్రలతోను, 2,763 హాస్టలు వార్డెన్ల సంతకములతోను ఉన్నవి. మందు మంచిదే కావచ్చును. ఆ బిడ్డ తల్లిదండ్రులను ఎవరును అడుగలేదే!

మఠములు ఈ విషయమును ప్రత్యేకముగా విచారింపవలెను. దాసోహ సంప్రదాయమున మన మఠములు ఎందరో పేదబిడ్డలకు అన్నము పెట్టి చదువు చెప్పించుచున్నవి. అన్నము పెట్టిన స్వాములు తండ్రివంటివారు కదా, వారు సంతకము చేసిన తప్పేమని అడుగువారుందురు. తండ్రివంటివారగుటయే చిక్కు. అన్నము పెట్టిన చేతికి ఆ బిడ్డ ‘వద్దు’ అని చెప్పలేదు. కాదనలేని చోట ఔననుటకు విలువ లేదు. సూది ఒకరి దేహమున గ్రుచ్చబడుచుండగా సమ్మతి వేరొకరి కలమునుండి రారాదు. తల్లిదండ్రులకు వారి భాషలో, లాభనష్టములు రెండును తెలిపి, ఆలోచించుకొను వ్యవధి నిచ్చి అడుగవలెను. ఏడేండ్లు దాటిన బిడ్డను కూడ అడుగవలెనని భారత వైద్య పరిశోధన మండలి నియమము కలదు.

ఇక మూగజీవుల మాట. వానిని సమ్మతి అడుగుటకే వీలులేదు. తనకీ బాధ ఏలనో కుందేలునకు తెలియదు. దాని ఫలమును అది అనుభవింపదు. అట్టిచోట బాధ్యత యంతయు చేయువానిదే. 1959లో రస్సెల్, బర్చ్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞులు మూడు మార్గములు సూచించిరి: జంతువు లేకయే పని జరుగునేమో చూచుట, తప్పనిచో సంఖ్యను తగ్గించుట, బాధను తగ్గించుట. మన దేశమున రుక్మిణీదేవి అరుండేల్ కృషి ఫలితముగా 1960లో వచ్చిన జంతుహింసా నివారణ చట్టము పరిశోధనను నిషేధింపలేదు. పుస్తకములు, నమూనాలు చాలినచోట జీవిని వాడరాదనియు, కేవలము చేతివాటము నేర్చుటకై ప్రయోగములు సాధ్యమైనంతవరకు చేయరాదనియు శాసించినది. 2014లో సౌందర్య సాధనములకై జంతువులపై పరీక్షలు జరుపుటయు నిషిద్ధమైనది. ప్రాణము నిలుపు మందునకును, పెదవుల రంగునకును భేదము కలదని లోకము గుర్తించుట మెచ్చదగినది.

బసవేశ్వరుడు ధర్మమునకు దయను మూలముగా నిలిపెను. కాయకము సత్యశుద్ధముగా ఉండవలెనని బోధించెను. పరిశోధకుని పనియు కాయకమే. మోసముతో గడించిన ధనము దాసోహమునకు తగనట్లే, మోసముతో గడించిన జ్ఞానము లోకమునకు దాసోహము కానేరదు. ఎదుటివాని గొంతు ఎంత బలహీనమో మన నియమము అంత కఠినము కావలెను. ఖైదీకంటె బిడ్డకు, బిడ్డకంటె మూగజీవికి గొంతు తక్కువ.

2019 నాటి నియమావళి ప్రకారము ఔషధ పరీక్షలను ఆమోదించు నైతిక సంఘములలో సామాన్య పౌరునికి చోటు కలదు. తత్త్వవేత్తకును, మతధర్మము నెరిగినవారికిని చోటు కలదు. విద్యావంతులైన మనవారు, స్వాములు అట్టి స్థానములకు పిలుపు వచ్చినపుడు వెనుదీయక పోయి కూర్చుండవలెను. కాగితములపై కన్నువేసి, ‘ఈ బిడ్డను ఎవరు అడిగిరి?’ అని ప్రశ్నింపవలెను. అట్లు అడుగుట శాస్త్రమునకు అడ్డు కాదు. ప్రజలు వైద్యుని నమ్మి చేయి చాచుటకు అదియే ఆధారము.